మేనమామ పాత కోటు

ఖిల్లా వరంగల్‌లో పుట్టిన నాకు కోటకు కొదవ లేదు, కోటుకే కొదవ. అది లేని లోటు యాభై రెండేళ్ల దాకా తెలియలేదు. మేనకోడలి పెళ్లి కుదిరాక తెలిసింది.

బావ పోయి ఆరేళ్లయింది. చర్చిలో పెళ్లికూతుర్ని గుమ్మం నుంచి వేదిక దాకా చెయ్యి పట్టుకుని నడిపించే పని నాది. "మామా, నువ్వే నడిపియ్యాలె" అని పిల్ల ఎప్పుడో మాట తీసుకుంది. ఆ పిల్లకు నడక నేర్పిన రోజుల్లో నేను ఇలాగే వంగి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు వంగడానికి పొట్ట అడ్డొచ్చేది కాదు.

అక్క నన్ను హన్మకొండలో ఒక పెద్ద మాల్‌కు లాక్కెళ్లింది. ఏడు సూట్లు వేసి చూశాను. ఒక్క సూటూ నాకు సూటు కాలేదు. భుజాలకు సరిపోయినవి పొట్ట దగ్గర మొరాయించాయి, పొట్టకు సరిపోయినవి భుజాల మీంచి జారిపోయాయి. అద్దంలో నన్ను చూడలేక సేల్స్‌మన్ ఫోన్ చూసుకున్నాడు.

మర్నాడు అక్కకు చెప్పకుండా నా పాత చోటికే పోయాను. స్టేషన్ వెనక సందులో, ఒక్క షట్టరు పట్టేంత పాత బట్టల దుకాణం అది. దాన్ని నడిపే ఆమె ఒకప్పుడు నెత్తిన స్టీలు సామాన్ల గంప పెట్టుకుని వాడవాడ తిరిగేది. గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకునేది. వాటిలో మంచివి చింపి మసిగుడ్డలకు అమ్మబుద్ధి కాక చివరికి ఈ దుకాణం పెట్టింది. నా చొక్కాలన్నీ అక్కడివే. దండెం మీద ఒక్కొక్కటీ జరుపుతూ పోతే కలరా ఉండల వాసనలోంచి వెడల్పు కాలర్లు, రెండు వరసల కుట్లు, ఏ దర్జీయో ఓపిగ్గా కుట్టిన కాజాలు బయటపడతాయి. మాల్‌లో బట్టల్ని ఎంచుకుంటాం. ఇక్కడ బట్టలే మనల్ని ఎంచుకుంటాయి.

ఆ రోజు నన్ను ఎంచుకున్నది బూడిదరంగు ఉన్ని కోటు.

"జర ఏసుకొని సూడన్నా. ఇసొంటి గుడ్డ ఇప్పుడు యాడ దొరుకుతది?" అందామె.

భుజాల మీద అది నాకోసమే పుట్టినట్టు కూర్చుంది. ఇబ్బందులు రెండే. ఎడమ రొమ్ము మీద పురుగు కొట్టిన శనగగింజంత బొక్క ఒకటి, గుండీకీ కాజాకీ మధ్య నా బొజ్జ ఒకటి. అయినా తెచ్చుకున్నాను. దారిలో అక్క ఇంటికి పోయి చూపించడం నా తెలివితక్కువతనం.

"ఏందిరా ఇది? ఎవడో ఇడిసిన కోటు ఏసుకొని నా బిడ్డను నడిపిస్తవా?" అక్క బొక్కలోంచి వేలు పెట్టి అటువైపు ఆడించింది. "గిట్ల అస్తే నువ్వు బెంచీల కూసో. వాళ్ల బాబాయి కొత్త సూటు కుట్టించుకున్నడు, ఆయననే నడిపిస్తడు."

మాట సరదాగా అన్నది కాదు. పక్కనే ఉన్న పిల్ల ఒకసారి బొక్కను, ఒకసారి నన్ను చూసింది. ఆ చూపుతో కోటు పట్టుకుని మళ్లీ సందుకు పరుగెత్తాను.

ఆ దుకాణం మెట్టు మీదే రఫూ చేసే చాచా కూర్చుంటాడు. చిరిగిన చోట పోగు పోగూ అల్లి చిరుగే లేకుండా చేయడం ఆయన పని. కోటు తిరగేసి, పక్క కుట్టు లోపల దర్జీ మడిచి వదిలిన గుడ్డ చూపించాడు.

"ఈ ఉన్నికి బజార్ల దారం కలవది బేటా. దీని దారం దీని లోపటనే ఉన్నది. ఈడికెళ్లి పోగులు గుంజి ఆడ అల్లుత."

"మరి పొట్ట దగ్గర వదులు చెయ్యాలంటే?"

"దానికీ గదే గుడ్డ కావాలె." అద్దాల మీంచి నన్ను, నా మధ్యప్రదేశాన్ని చూశాడు. "రెండిట్ల ఒకటే అయితది. బొక్కనా, బొజ్జనా?"

దుకాణపామె పగలబడి నవ్వింది. బొక్క తనంతట తాను పూడదు, బొజ్జ మాత్రం తగ్గొచ్చు. "బొక్కనే" అన్నాను. నా జీవితంలో ఇంత సాహసం ఇంకెప్పుడూ చేయలేదు.

పెళ్లికి నెల ఉంది. రోజూ పొద్దున్నే ఖిల్లా నుంచి ఆ సందు దాకా నడిచాను. రాత్రికి జొన్నరొట్టె ఒక్కటే. అక్క పంపిన బిర్యానీని పక్కింటికి పంపి, వాసన మాత్రం ఉంచుకున్నాను. వారానికోసారి చాచా కోటు తొడిగి గుండీ లాగి చూసేవాడు. మొదటివారం నాలుగు వేళ్ల దూరం. తర్వాత రెండు. మూడోవారం ఒక్క వేలు. ఆఖరి వారం చాచా గుండీ మీంచి చెయ్యి తీసేశాడు. గుండీ కాజాలో ఉంది, నేను ఊపిరి పీలుస్తూనే ఉన్నాను. దుకాణపామె చప్పట్లు కొడితే పక్కనున్న చాయ్ బండి దగ్గరివాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు.

పెళ్లినాడు చర్చి గుమ్మం దగ్గర అక్క నన్ను ఆపింది. బాబాయి కొత్త సూటులో పక్కనే తయారుగా ఉన్నాడు. అక్క కోటు ఎడమవైపు వేళ్లతో తడిమింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తడిమింది. వెలుతురులోకి తిప్పింది.

"ఏడున్నదిరా?"

"నువ్వే దేవులాడుకో అక్కా."

మూడోసారి తడిమి, వేళ్లు అక్కడే ఆపి, నా కాలర్ సరిచేసింది. తర్వాత బాబాయి వైపు తిరిగి, "నువ్వు పోయి ముందు బెంచీల కూసో తమ్మీ" అంది. పిల్ల నా చేతిలో చెయ్యి వేసి, "పొట్ట యాడ పోయింది మామా?" అని గుసగుసలాడింది. వాయిద్యం మొదలైంది. నడిచాను. గుండీ ఊడలేదు.

విందులో నలుగురు ఏ మాల్‌లో కొన్నావని అడిగారు. నలుగురికీ సందు గుర్తులు చెప్పాను. పై వారం నేను పోయేసరికి మెట్టు మీద చోటు లేదు. చాచా ముందు వరసలో అక్క కూర్చుని ఉంది, ఒళ్లో మా అమ్మ పట్టుచీర. ఇరవై ఏళ్లుగా చిరుగు కనబడకుండా మడతపెట్టి దాచిన చీర అది.

"వరసల రా" అంది నన్ను చూసి.