ఇరవై నాలుగో కాగితం

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుంటే చెల్లె దగ్గర్నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "అన్నా, నా ఫైల్ల ఇరవై నాలుగోది జర ఫొటో తీసి పంపు. పౌరసత్వానికి పెట్టుకుంటున్న, మళ్లా అడుగుతున్నరు." పదేళ్లు దాటినా ఆ పిల్ల ఇంకా నా నంబర్లతోనే మాట్లాడుతుంది. ఇంట్లో ఇంకెవరికీ నా జాబితాలు గుర్తుండవు. చెయ్యి కడుక్కుని అటక మీది నీలం ఫైలు దించాను. అట్ట లోపలివైపు జాబితా అలాగే ఉంది. ఒకటి నుంచి ఇరవై మూడు దాకా నల్ల సిరా, స్కేలుతో గీసిన గళ్లు, ప్రతి కాగితానికీ ఎదురుగా తేదీ. ఇరవై నాలుగోది మాత్రం వేరే పెన్నుతో, గళ్ల కిందికి జారి, వంకరగా ఉంది. దాని ఎదురుగా తేదీ లేదు.

చెల్లె అంటున్నాను గాని, కాగితాల ప్రకారం ఆమె మా చిన్నమ్మ కూతురు. కన్నది మా అమ్మ. అక్కచెల్లెళ్లిద్దరూ పోచంపల్లి దగ్గర మగ్గాల ఊళ్లో పుట్టి పెరిగారు. చిన్నమ్మకు రెండు కాన్పులు నిలవలేదు, ఇక వద్దని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెకు పదకొండో నెల నడుస్తుండగా అమ్మమ్మ ఇంటి వసారాలో ఒక పంతులు చిన్న హోమం చేశాడు. అమ్మ పిల్లను తన ఒళ్లోంచి తీసి చిన్నమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది. నాకప్పుడు ఆరేళ్లు. పొగకు కళ్లు మండటం, తర్వాత పెట్టిన లడ్డూలు, ఇంతే గుర్తు. అది కాగానే అమ్మమ్మ అందరికీ ఒక కట్టడి పెట్టిందట. "ఇచ్చింది, తీసుకున్నది అన్న మాట ఇయ్యాల్టి నుంచి ఎవ్వరి నోట్లె రావొద్దు." రాలేదు. చిన్నమ్మావాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుండేవారు, మేము మన్సూరాబాద్‌లో. వారానికోసారి రాకపోకలు. చెల్లె మా అమ్మను పెద్దమ్మా అని పిలిచేది, అమ్మ "ఏంది బిడ్డా" అని పలికేది. పదిహేనేళ్లు అలా గడిచాయి.

బాబాయి వెల్డరు. అప్పటికి రెండేళ్ల ముందే ఒక చలి దేశం వెళ్లి, అక్కడ ఉద్యోగం గట్టిపడ్డాక భార్యనూ బిడ్డనూ పిలిపించుకుంటానన్నాడు. దేశం పేరు చెప్పను, చెబితే దాని మీద నాకేదో కోపం ఉందనుకుంటారు. వీసా కాగితాల పని నా మీద పడింది. నాకు అప్పుడు ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, చేరే తేదీ రాలేదు. అంటే చేతిలో ఆఫర్ లెటరు పట్టుకుని మధ్యాహ్నం పూట పడుకునే మనిషిని. ఆ ఖాళీనంతా ఫైలు మీద పెట్టాను. ఇరవై మూడు కాగితాలు, మూడేసి నకళ్లు, రంగు అట్టలతో విభాగాలు. జిరాక్సు షాపు ఆయన నన్ను చూడగానే "సారొచ్చిండు, స్కేలు తియ్యుర్రి" అనేవాడు. ఏడో నంబరు చెల్లె పుట్టిన సర్టిఫికెట్. తల్లి పేరు దగ్గర మా అమ్మ పేరు, తండ్రి పేరు దగ్గర మా నాయన పేరు. అక్షరాలు సరిగా ఉన్నాయా లేదా అని వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశాను. ఉన్నాయి. టిక్కు పెట్టి ఎనిమిదో నంబరుకు పోయాను. ఆ పేర్లు ఎవరివి, పాస్‌పోర్టులో ఎవరివి ఉన్నాయి అన్నది నాకు తట్టనే లేదు. ఫైలు మీద సంతకాలు పెట్టిన పెద్దవాళ్లకూ తట్టలేదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతికి మళ్లీ ఒక కాగితం ఉంటుందని మేమెవరమూ అనుకోలేదు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన మూడో రోజున జవాబు వచ్చింది. చిన్నమ్మకు వీసా ఇచ్చారు. చెల్లెకు నిరాకరించారు. అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్‌లోనూ పాస్‌పోర్టులోనూ తల్లిదండ్రులు వేరుగా ఉన్నారు, దత్తత పత్రం జతపరచలేదు, కన్నవారి అంగీకారం జతపరచలేదు, ఉత్తరం తేదీ నుంచి అరవై రోజుల్లో పంపితే మళ్లీ పరిశీలిస్తాం. మర్యాదగానే రాశారు. చేతికి వచ్చేసరికి తొమ్మిది రోజులు పోయాయి. చిన్నమ్మ అప్పటికే ఫ్రిజ్జు, బీరువా అమ్మేసి, గదులు ఇంటి ఓనరుకు అప్పజెప్పింది. నాలుగు సూట్‌కేసులతో, చెల్లెతో మా ఇంటికి వచ్చింది. ఉత్తరం చెల్లె కంటబడకుండా నేను ఫైలులో దాచబోతుంటే ఆ పిల్లే వచ్చి లాక్కుని చదివింది. "గిదా? నాకు నాలుగో తరగతిల్నే తెల్సు అన్నా. నా ముక్కు జూస్కో, అచ్చం మీ అమ్మ ముక్కే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు తెల్సని మా అమ్మకు చెప్పకు. ఊకెనే పరేషాన్ అయితది" అంది.

దత్తత పత్రం నోటరీతో సరిపోదు, రిజిస్టరు కావాలన్నారు. ఎల్బీనగర్ వైపున్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పరుగెత్తాను. తాళం. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో నాకు బాగా తెలుసు. ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు మా నాయన. గేటు ముందు వేసిన టెంటులో, మెడలో గులాబీ కండువాతో, ఆ తాళం చెవిని చొక్కా జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాయన మామూలుగా సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి. సమ్మె నడిచిన ఆ నలభై రెండు రోజులు మాత్రం వేరే మనిషిలా ఉన్నాడు. గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, ఇంటికొచ్చి సైగలతో నీళ్లడిగేవాడు.

నేను టెంటు పక్కన నిలబడి రోజుల లెక్క చెప్పాను. సార్ కూడా ఒప్పుకున్నారని చెప్పాను. సార్ అంటే సబ్ రిజిస్ట్రార్, కృష్ణా జిల్లా ఆయన. "గంటసేపు తలుపు తీయిస్తే నేను చేసేస్తానండీ, ఆడపిల్ల విషయం" అని ఫోనులో ఆయనే అన్నారు. నాయన పక్కన కూర్చున్న రికార్డు రూము పెద్దాయన కూడా నావైపే మాట్లాడాడు.

"తియ్యి తమ్మీ. మేమంతా అటు మొకం పెట్టి కూసుంటం. నీ బిడ్డ పనేనాయె."

"నా బిడ్డది కాదన్నా. మా మరదలి బిడ్డది" అన్నాడు నాయన.

అలవాటుగా, తడుముకోకుండా అన్నాడు. మాకు కావలసిన కాగితంలో ఉండవలసిన వాక్యం సరిగ్గా అదే. పదిహేనేళ్లుగా నోటి మీద ఉంది, కాగితం మీద లేదు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "మనకొక్కరికి తీస్తే, మొన్న వాపసు పంపిన పెండ్లోళ్లకు ఏం జెప్పాలె? దవాఖాన ఖర్చుకు ప్లాటు అమ్ముకునేటాయనకు ఏం జెప్పాలె? పో, ఇంటికి పో." పోయాను. పోవడమంటే నడవడమే, బస్సులు లేవు. ఆ రోజుల్లో నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్, అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్, మళ్లీ వెనక్కి. రాస్తారోకోలకు లారీలు ఆగిపోయి, కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర నల్గొండ బత్తాయిలు మురిగిన పుల్లటి వాసన రోడ్డు మీదికి వచ్చేది. దారి పొడుగునా లెక్క వేసుకునేవాడిని. ఇన్ని రోజులు మిగిలాయి, కొరియర్‌కు అయిదు తీసేస్తే ఇన్ని. లెక్క అయ్యాక ఇంకో ప్రశ్న మిగిలేది. అక్షరం తప్పు పోనివ్వని నేను ఆ పేర్లను ఎలా వదిలేశాను? చెల్లె వెళ్లకూడదని నాలో ఎక్కడైనా ఉందా?

ఇంట్లో మాత్రం పండగలా ఉండేది. కాలేజీలు లేవు, చెల్లె మధ్యాహ్నం దాకా పడుకునేది, అమ్మ లేపనిచ్చేది కాదు. ఆ ఏడు బతుకమ్మ మా గల్లీలోనే ఆడారు. తంగేడు పూలు దొరక్క చెల్లె ప్లాట్ల మధ్య తిరిగి గునుగు పూలు కోసుకొచ్చింది, అమ్మ వాటికి రంగులద్దింది. ఎన్నడూ రాజకీయం ఎత్తని అమ్మ, నాయన గడప తొక్కగానే అడిగేది. "సమ్మె ఎప్పటిదాంక ఉంటదంట?" ఇంకా చాలా రోజులుంటదని నాయన అంటే తలూపి, ఇంకో రెండు రొట్టెలు వేసేది. "మీ అమ్మకు గూడ ఉద్యమం ఎక్కిందిరా" అని నాయన మురిసిపోయేవాడు. ఆమె అడిగేది ఉద్యమం గురించి కాదని నాకు తెలుస్తూనే ఉంది. చిన్నమ్మకు ఇంకా ముందే తెలిసింది. ఆమె సూట్‌కేసులు విప్పలేదు. రోజూ ఒకసారి వేలాడే కాటాతో వాటిని తూచేది, బరువు మారినట్టు. చెల్లెకు అమ్మ పొద్దున జడ వేస్తే, సాయంత్రం చిన్నమ్మ అది విప్పి మళ్లీ వేసేది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. తల మాత్రం రెండుసార్లు లాగుతున్నారని చెల్లె నా దగ్గర గొణిగేది.

దసరా వెళ్లిన రెండో వారంలో అనుకుంటాను. అమ్మ, చిన్నమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారు. నేను ముందు గదిలో ఉన్నాను. చిన్నమ్మ గొంతు వినిపించింది.

"అక్కా, నేనొక్కదాన్నే పోనా?"

చిన్నమ్మే మళ్లీ అంది.

"పిల్ల ఈడుంటే నీకు మంచిగున్నట్టున్నది. నేనేమనుకోను."

చిక్కుడుకాయ ఒకటి విరిగిన చప్పుడైంది. తర్వాత అమ్మ అంది, "ఏం మాటలే అవి. పుచ్చులు ఏరు ముందు. అన్నీ అట్లనే ఏస్తున్నవ్."

ఆ సాయంత్రం నాయన వచ్చాడు. అమ్మ నీళ్లిచ్చింది. సమ్మె సంగతి అడగలేదు. మర్నాడూ అడగలేదు. నాయన రెండు రోజులు చూసి, "ఏందే, ఉద్యమం సల్లబడ్డదా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

సమ్మె విరమించిన మర్నాటికి నా లెక్కలో పదకొండు రోజులు మిగిలాయి. పొద్దున లేచి చూసేసరికి అమ్మ అప్పటికే తయారై, పోచంపల్లి చీర కట్టుకుని, వరండాలో చెప్పులు వేసుకుని కూర్చుంది. ఎల్బీనగర్‌లో ఆఫీసు తెరవకముందే గేటు దగ్గర ఉన్నాము. బాబాయి సంతకం చేసి పంపిన అధికారపత్రం ఫైలులో ఉంది. నాయన తాళం తీసి, లోపలికి వెళ్లి, అక్కడి తన కుర్చీని ఒకసారి చూసుకుని, తిరిగి వచ్చి మాతో పాటు కౌంటరుకు ఇవతల నిలబడ్డాడు. ఆయన నౌకరీలో అటు నుంచి ఇటు నిలబడటం అదే మొదటిసారట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా సర్దుకుంటూ ఉన్నాడు.

సబ్ రిజిస్ట్రార్ పత్రమంతా చదివి కళ్లజోడు తీశారు. అడగాలన్నది నిబంధన. "ఏమ్మా, అమ్మాయిని మీ ఇష్టపూర్వకంగానే దత్తత ఇచ్చారాండీ?"

అమ్మ ఆయన వైపు చూసింది. చిన్నమ్మ గోడ వైపు చూస్తోంది. చెల్లె నా మోచేయి పట్టుకుంది.

"ఇచ్చి పదిహేనేండ్లయింది సారూ. మీరు గిప్పుడు అడుగుతున్నరు" అంది అమ్మ.

ఆయన తలూపి కళ్లజోడు పెట్టుకున్నారు. వేలిముద్ర యంత్రాన్ని ముందుకు జరిపారు. అది అమ్మ బొటనవేలిని గుర్తించలేదు. పెళ్లికి ముందు అమ్మ పుట్టింట్లో చిటికి కట్టేది. రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పేలికలతో బిగించి కట్టడాన్ని అక్కడ అలా అంటారు. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్ల మీది గీతలు అరిగిపోతాయి. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు తెర మీద ఎర్ర గీతే వచ్చింది. రేపు రమ్మంటారేమో అనుకున్నాను. ఆ క్షణంలో నాకు భయం వేసిందో ఊరట కలిగిందో తేల్చుకోలేదు. అమ్మ ఎవరినీ అడగలేదు. బొటనవేలిని కొంగుకు గట్టిగా తుడిచింది, నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి పట్టేలా ఊదింది, తిరిగి అద్దం మీద పెట్టి, ఎడమచేతితో దాన్ని అదిమి పట్టుకుంది. పచ్చ గీత వచ్చింది. "పడ్డదా?" అంది. పడిందన్నారు. చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. అమ్మ ఆమెను పట్టుకుని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, "ఊకో, పిల్ల జూస్తున్నది" అంది. ఆ మధ్యాహ్నమే వరండా మెట్ల మీద కూర్చుని, దొరికిన పెన్నుతో, జాబితా కింద ఇరవై నాలుగు అని వేశాను.

కొరియర్ సమయానికి చేరింది, వీసా వచ్చింది, వాళ్లు వెళ్లారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో నడుస్తోంది. పండ్ల మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి పోయింది, బత్తాయిల వాసన కూడా దానితోనే పోయింది. నాయన రిటైరై, సమ్మె సంగతి ఎవరైనా ఎత్తితే నలభై రెండు రోజులూ వరసగా చెబుతాడు, తాళం చెవి సంగతి తప్ప. చెల్లె వారానికి రెండుసార్లు ఫోను చేసి ముందు "పెద్దమ్మేది?" అంటుంది.

ఫొటో తీసి పంపి, ఫైలు కట్టబోతుంటే అమ్మ వచ్చి భుజం మీంచి చూసింది. చదవలేదు. కాగితం చివరనున్న తన వేలిముద్రను మాత్రం గుర్తుపట్టింది.

"మళ్లా అడిగిన్రా?"

"అడిగిన్రంట."

"ఇంకెన్నిసార్లు ఇయ్యాల్నో" అని, నవ్వుతూనే, ఇడ్లీ పళ్లేలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ పత్రంలో మూడు తేదీలున్నాయి. ఒళ్లో కూర్చోబెట్టిన రోజు, రాసిన రోజు, రిజిస్టరు అయిన రోజు. జాబితాలో దాని ఎదురుగా ఏది వేయాలో అప్పుడు తేలక ఖాళీ వదిలాను. మొన్న ఆదివారం కూడా పెన్ను మూత తీసి కాసేపు పట్టుకుని, మళ్లీ పెట్టేశాను. మొదలైన రోజు మాత్రమే తెలిసిన పనికి తేదీ వేయడం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు.