కరెంటొస్తే లేచే స్క్రిప్టు

కంప్యూటరుకు వరసగా కమాండ్లు రాసిచ్చే షెల్ స్క్రిప్టంటే చాలామందికి చిన్నచూపు. "అదేం భాష?" అంటారు. అననీ. 2012లో ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ భాషే.

పరీక్ష ఫీజు గడువులోపు పిల్లలందరి ఫోటోలు స్కాన్ చేసి, సైజు తగ్గించి, కామారెడ్డిలోని మా పెద్ద బ్రాంచికి నెట్‌లో పంపాలి. కరెంటు ఎప్పుడుంటుందో కరెంటోళ్లకే తెలియదు. పోయి వచ్చిన ప్రతిసారీ, కాలేజీ కొన్న సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదటికొచ్చేది. బటన్లు నొక్కడానికి ఎదురుగా మనిషి ఉండాలి. ఆ మనిషి నేనే. ఒళ్లు మండేది.

మా ఊరు రామారెడ్డిలో బాపు బోరుకు ఆటో స్టార్టర్ పెట్టించాడు. కరెంటొస్తే మోటారు దానంతట అదే నడుస్తుంది. ఆయన కాపలా కూర్చోవడం మానేశాడు. మరి నేనెందుకు కూర్చోవాలి? మూలన పడేసిన పాత కంప్యూటర్లో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి, పేజీ కూడా నిండని స్క్రిప్టు రాశాను. సైజు తగ్గించే కమాండు, పంపే కమాండు ముందే ఉన్నాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టానంతే. అయిపోయిన ఫోటోను అది ముట్టదు, సగంలో ఆగినదాన్ని మళ్లీ చేస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే తెరిచి, చదివి, అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. కరెంటు రాగానే కంప్యూటరూ లేస్తుంది, స్క్రిప్టూ లేస్తుంది.

గడువుకు ముందు రోజు సాయంత్రం కరెంటు పోయింది. స్కానింగ్ అయిపోయింది గానీ, పంపాల్సిన ఫోటోలు సగం మిగిలే ఉన్నాయి. నేను ఇంటికి పోవాల్సిన కామారెడ్డి ఆఖరి బస్సు వచ్చే వేళైంది. బ్యాగు తగిలించుకుంటే ప్రిన్సిపాల్ అడ్డొచ్చాడు.

"ఏంది, పోతున్నవా? పిల్లల ఫోటోలు పోకపోతే నీ నౌకరీ పోతది. కరెంటొచ్చేదాంక కూసో."

"నేను కూసుంటే కరెంటొస్తదా సార్? వస్తే అదే చేసుకుంటది."

తెగించి బస్సెక్కానే గానీ, ఏ ఊళ్లో లైట్లు వెలుగుతున్నాయా అని దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతుందని నాకేమీ నమ్మకం లేదు.

రాత్రెప్పుడో కరెంటొచ్చినట్టుంది, పొద్దున వెళ్లేసరికి ఒక్క ఫోటో మిగల్లేదు. అన్నీ అందాయని పెద్ద బ్రాంచి నుంచి ఫోను కూడా వచ్చింది. ప్రిన్సిపాల్ వచ్చి తెర చూశాడు.

"గిదంతా అదే చేసుకుంటే, నీకు జీతమెందుకమ్మా?"

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

"అది రాసినందుకు సార్. కూసునే మనిషే కావాల్నంటే ఇంకొకరిని చూసుకోండ్రి."

నౌకరీ ఉంటుందో పోతుందో తెలియదు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.