కారులో బల్లి

నా చిన్నప్పుడు మా ఇంటి కారులో ఒక బల్లి ఉండేది. నవ్వకండి, ఇది మా అవ్వ చెప్పిన మాట. చింతామణి దగ్గర మా ఊరు. పట్టుగూళ్ల మూటలు శిడ్లఘట్ట మార్కెట్టుకు తోలుకుపోవడానికని మా తాత ఒక పాత కారు కొని, దాని వెనక సీటు పీకేశాడు. తాళం తిప్పగానే దాని బానెట్ కింద టిక్ టిక్ టిక్ అని చప్పుడు వచ్చేది. కరెంటుతో నడిచే పెట్రోలు పంపు అది. ఇంజనుకు కావలసినంత పెట్రోలు అందగానే నోరు మూసుకునేది. ఆ తర్వాతే తాత కారు స్టార్టు చేసేవాడు.

మొదటిరోజే ఆ చప్పుడు విని అవ్వ వేలు మడిచి అరుగు మీద టకటకా కొట్టి "కృష్ణ కృష్ణ" అంది. బల్లి పలికితే మా వైపు అలాగే చేస్తారు. ఇల్లంతా పగలబడి నవ్వింది, అందరికంటే ఎక్కువగా తాత నవ్వాడు. ఆయన సంగతి మాత్రం మాకు తెలియదా? గోడ మీది బల్లి పలకరాని దిక్కున పలికితే చాలు, చెప్పులు విడిచి లోపలికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే గానీ మళ్లీ గడప దాటేవాడు కాదు. శకునానికి అంత లొంగే మనిషి ఇంకెవరి మాటా వినేవాడు కాదు. అవ్వ మాటైతే అసలే వినేవాడు కాదు.

అవ్వకు కారంటే గిట్టేది కాదు. పట్టుపురుగులకు పెట్రోలు వాసన పడదు. కారు ముట్టుకున్న తాతను స్నానం చేసేదాకా పురుగుల గదిలోకి రానిచ్చేది కాదు. ఆ గదిలో ఆమె కళ్లకన్నా చెవులనే ఎక్కువగా నమ్మేది. పురుగులు ఆకు మేసే చప్పుడు కాస్త పలచబడితే చాలు, జబ్బు తగిలిందో, ఆకు తడిగా ఉందో చెప్పేసేది.

ఆ ఏడు ముసురు పట్టి గూళ్లు ఏరడం ఆలస్యమైంది. ఇంకా ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలు వచ్చి, గూటిని తొలుచుకుని బయటపడుతుంది. చిల్లి పడిన గూటినుంచి దారం రాదు. ఆ పొద్దు మార్కెట్టుకు చేరకపోతే ఇంటిల్లిపాది పడిన కష్టం మట్టిపాలే.

తెల్లవారగానే మూటలు వేసుకుని తాత తాళం తిప్పాడు. టిక్... టిక్. ఆగింది. మళ్లీ ఒక్కటి. ముందురోజు తనలో మిగిలిన కాస్త పెట్రోలుతో ఇంజను మాత్రం ఎప్పటిలాగే అందుకుంది. తాత గేరు వేయబోతుంటే అవ్వ చేతిలో చేటతో సహా వచ్చి కారుకు అడ్డంగా నిలబడింది.

"బల్లి సరిగ్గా పలకలేదు. పోవాకు."

"పొద్దెక్కుతాండాది, తప్పుకోమే!"

"నేను చెప్తాండేది కాదయ్యా, బల్లి చెప్తాండేది. నడిమి దోవలో ఏమన్నా అయితే నన్ననాకు."

అప్పుడు తాత ముఖం చూడాలి. నవ్వలేడు, పోలేడు. చివరికి ఇంజను ఆపి, చెంబెడు నీళ్లు తాగి, కార్లు బాగుచేసే మేస్త్రీని పిలుచుకు రమ్మని నన్ను రోడ్డు మీది షెడ్డుకు పరుగెత్తించాడు.

మేస్త్రీ వచ్చి పంపు మూత విప్పితే లోపల కరెంటు అందించే పాయింట్లు మాడి నల్లబడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దినా లాభం లేకపోయింది. "మీరు పోయింటే మిట్ట మీద నిలిచిపోయుండునప్పా. ఆడ గాలి తప్ప ఏమీ ల్యాదు," అన్నాడు. షెడ్డునుంచి వేరే పంపు తెచ్చి, బ్యాటరీ వైరు తప్పించి, పెట్రోలు కారకుండా గొట్టం మూసి, పాతదాన్ని విప్పడం మొదలుపెట్టాడు.

అంతలో ఒక మూట మీద తెల్లటి రెక్కల పురుగు పాకుతూ కనబడి నేను కేక పెట్టాను. "అయిపాయ!" అని తాత తల పట్టుకున్నాడు. అవ్వ దాన్ని మెల్లగా చేతిలోకి తీసుకుంది.

"దీనికొక్కదానికే తొందర. మిగిలినవి నిద్రపోతాండాయి, మీరు అరిచి లేపాకండి."

కొత్త పంపు బిగించి మేస్త్రీ తాళం తిప్పమన్నాడు. టిక్ టిక్ టిక్ టిక్! అంత చురుకైన చప్పుడు ఆ కారులో మేమెప్పుడూ వినలేదు. అవ్వకంటే ముందు తాతే స్టీరింగు మీద వేలితో కొట్టాడు.

అవ్వా, నేనూ ముందు సీటులోనే సర్దుకుని కూర్చుని, వేలం మొదలయ్యే వేళకు తాతతో పాటు మార్కెట్టుకు చేరాం. కొనేవాళ్లు గూళ్లు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, లోపలి పురుగు చప్పుడు విని, బాగున్నాయన్నారు. తాత సంతోషం పట్టలేక మాకు దోసెలు తినిపించాడు. ఆయన చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు, బల్లి పాత పంపుతో పాటు మేస్త్రీ దగ్గరికి పోయిందా అని అవ్వను అడిగాను.

"తాళం తిప్పితే పలికే బల్లి యాడన్నా ఉంటాదా పాపా?" అని అవ్వ గుసగుసగా నవ్వింది. "మొదటి దినం నేనూ బల్లే అనుకుంటి. సప్పుడు మారిందని వారంగా మీ తాతకు చెప్తానే ఉండా. నీకేం తెలుసునే అంటాడు. నా మాటకు నిలవనోడు బల్లి మాటకు నిలుస్తాడు గదా!"

నాకు పొలమారింది. ఆ నవ్వు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. మాటలో నిజం ఉంటే చాలదు, ఎదుటివాళ్ల చెవి ఏ వైపు తెరిచి ఉందో ఆ వైపునుంచి చెప్పాలని ఆ రోజే నేర్చుకున్నాను.

ఇప్పటి కార్లలో పంపు పెట్రోలు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. ట్యాంకు అడుగంటితే దానికి చల్లదనం అందక త్వరగా పాడవుతుంది. మా అబ్బాయి మాత్రం ఎర్రదీపం వెలిగితే గానీ పెట్రోలు బంకు ముఖం చూడడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. మొన్న చిక్కబళ్లాపురం పోతూ, ట్యాంకులో ఒక బల్లి ఉందనీ, పాపం దానికి దాహమేస్తోందనీ మా మనవరాలి చెవిలో ఊదాను. అంతే, బంకు వచ్చేదాకా అది వాళ్ల నాన్నను బతకనివ్వలేదు.

ట్యాంకు నిండింది. మా వాడు తాళం తిప్పగానే వెనకనుంచి పంపు సన్నగా జుమ్మంది. నేనూ, మనవరాలూ ఒకేసారి వేళ్లు మడిచి తలుపు మీద కొట్టి "కృష్ణ కృష్ణ" అన్నాం. వాడు అద్దంలోంచి మమ్మల్ని అనుమానంగా చూశాడు. వాడికి నేను అసలు సంగతి చెప్పను. మా అవ్వ మా తాతకు చివరిదాకా చెప్పిందా ఏమిటి!