తాతయ్య తొంగిచూసిన స్క్రీను

ఆ రోజుల్లో, అంటే నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ల్యాప్‌టాప్‌లో ఏ కొత్త యాప్ తెరిచినా నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. బేగంపేటలో మా ఆఫీసు. నాదింకా ప్రొబేషనే. ఒక శుక్రవారం మా మేడమ్ రెండు యాప్‌లు ఇచ్చి, "ఇంట్లో వాడి చూడు. ఆఫీసు మొత్తానికి ఏది కొనాలో సోమవారం చెప్పు. నీ మాట మీదే కొంటాం" అన్నారు. మొదటిది పక్కన పెట్టిన ట్యాబ్‌ను రెండో స్క్రీనుగా మారుస్తుంది. రెండోది కెమెరాతో కాపలా కాస్తూ, వెనక నుంచి ఎవరైనా తొంగిచూస్తే స్క్రీనును మసక చేసేస్తుంది.

కార్ఖానా ఏరియాలోని మా ఇంటి హాల్లో కూర్చుని మొదటిది పెట్టాను. మౌస్ బాణాన్ని ల్యాప్‌టాప్ అంచు దాకా తోస్తే, అక్కడ మాయమై పక్కనున్న ట్యాబ్‌లో తేలింది. మా నాయనమ్మ (శ్రీకాకుళం నుంచి వచ్చి ఇన్నేళ్లయినా యాస వదలని మనిషి) ఆ రెంటి మధ్య ఖాళీలో చెయ్యి ఆడించి చూసింది. "మధ్యన ఏటీ నేదురా. ఎలాగెల్పోనాది?" అంది. నాకూ తెలియదు కాబట్టి గంభీరంగా తలూపాను.

నాయనమ్మ వంటింట్లోకి వెళ్లాక రెండోది పెట్టాను. వెంటనే స్క్రీను మసకబారి, 'మీ వెనక ఎవరో చూస్తున్నారు' అని వచ్చింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. ఒళ్లు జల్లుమంది. ఆఫీసులో నా పక్క సీటతనికి (అందరం భాయ్ అనేవాళ్లం) ఫోన్ చేశాను. "పరేషాన్ కాకు. గోడ మీద ఫొటో గిట్ల ఉందేమో జెర చూడు" అన్నాడు. ఉంది. నాకు ఉద్యోగం రాకముందే పోయిన తాతయ్య, దండ వేసుకుని, సూటిగా నా స్క్రీను వైపే చూస్తున్నాడు.

ఫొటో దించబోతుంటే నాయనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మనవడేటి సేత్తన్నాడో సూసుకోనీరా. ఆ పలక కూడా మీ తాతకేసి తిప్పు" అంది మెల్లగా. కాపలా యాప్ ఆపేసి ట్యాబ్ అటు తిప్పాను. ఫొటోకీ మనిషికీ తేడా తెలియని యాప్ అది, అంతే నాయనమ్మా అని వివరిస్తూనే, వెన్ను నిటారుగా పెట్టి చొక్కా పై గుండీ పెట్టుకున్నాను.

సోమవారం మేడమ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను, ఉద్యోగం మీద ఆశ వదులుకుని. ఆవిడ నవ్వలేదు. "అయితే మొదటిదే కొందాం" అని, "తాతగారు ఏం చేసేవారు?" అని అడిగారు.

"ఉత్తరాలు పంచేవాడు మేడమ్. పోస్టుకార్డు కూడా చదివేవాడు కాదట."

ఇప్పుడు నా బల్ల మీద పెద్ద పెద్ద స్క్రీన్లున్నాయి. వాటిలో ఏం జరిగినా ఎందుకు జరిగిందో చెప్పగలను. ఏదీ తెలియక ఒళ్లు జల్లుమన్న ఆ కుర్రాడి మీదే అప్పుడప్పుడూ కాస్త అసూయ.