వారశూల తప్పించుకుని కొండెక్కిన ట్రెయిలర్

మా చిన్నప్పుడు ఒక గురువారం పొద్దున, అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా ఇంటి ముందు నాన్న ట్రక్కు బానెట్ మీద మ్యాప్ పరిచి నిలబడ్డాడు... ఉద్యోగం పడమట దూరంగా ఉన్న బెంటన్‌విల్‌కి మారింది. అక్కడ ఇల్లు దొరికేదాకా ఉండడానికి మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న పెద్ద ట్రెయిలర్ కొని ట్రక్కు వెనక తగిలించాడు.

సంసారమంతా దాన్లోనే... బియ్యం బస్తాలు, ఇత్తడి గుండిగలు, గ్రైండర్, ఆవకాయ జాడీలు.

అంత బరువుతో కొండలు దిగడం ప్రమాదమని, ముందు దక్షిణంగా అట్లాంటా వైపు వెళ్ళి చుట్టూ తిరిగిపోయే చదును దారి ఎంచుకున్నాడు నాన్న. దూరమే, కానీ తెలివైన పని.

అప్పుడు సాగనంపడానికి ప్రసాద్ అంకుల్ వచ్చాడు... జన్మలో తోపుడుబండి కూడా తోసి ఎరగడు. మావాళ్ళలో ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో మాత్రం ఆయనే చెప్పేవాడు.

"గురువారం దక్షిణానికా? వారశూల కదయ్యా! ఆ దిక్కుకి ఇవాళ ఎవడైనా బయల్దేరతాడా? స్ట్రెయిట్‌గా వెస్ట్‌కి పో."

"అటు అన్నీ కొండలే అన్నా. వెనక ఇంత వెయిట్..."

"తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులు తిరగట్లా? నీకు డ్రైవింగ్ రాదని చెప్పు, పోనీ."

"పోనీ రేపు వెళ్తాం అన్నయ్యగారూ" అంది అమ్మ.

"శుక్రవారం ఇల్లు ఖాళీ చేస్తావామ్మా? లక్ష్మి నీతో ఉంటుందా?"

బ్రేకుల గురించి రోజూ కూర్చుని చదివిన నాన్న, నలుగురిలో పిరికివాడు అనిపించుకోలేక మ్యాప్ మడిచేసి పడమటికే బయల్దేరదీశాడు.

కొండ ఎక్కడం బాగానే ఎక్కింది... దిగేటప్పుడు ట్రెయిలర్ వెనక నుంచి తోయడం మొదలుపెట్టింది. కాలిన వాసన. నాన్న బ్రేకు తొక్కిపట్టే ఉన్నాడు. వేగం తగ్గలేదు.

"ఆగుతుందా అండీ?" అంది అమ్మ, చెల్లిని అదిమి పట్టుకుని.

నాన్న రోడ్డు పక్కకే చూస్తున్నాడు.

అదుపు తప్పిన లారీల కోసం రోడ్డు పక్కన ఎగువకి కంకర పోసిన దారి ఉంటుంది. దాన్లోకి తిప్పాడు... చక్రాలు సగందాకా కూరుకుపోయి ఆగింది. నలుగురం బతికాం. ట్రెయిలర్ నిండా ఆవకాయ, జాడీ పెంకులు.

నాన్న అంకుల్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఆ గొంతు నాకింకా గుర్తే...

"చూశావా మరి! మంచి దిక్కున బయల్దేరారు కాబట్టే ప్రాణాలతో ఉన్నారు. అదే సౌత్‌కి పోయుంటేనా..."

నాన్న తలాడించాడు! అమ్మ ఫోన్ లాక్కుంది.

"అన్నయ్యగారూ, బండి ఇంకా కొండ మీదే ఉంది. మీకు ఏ దిక్కు మంచిదో చూసుకుని, మీరే వచ్చి దింపండి."

ఆయన రాలేదు. ఆగిపోయిన బండ్లని లాక్కెళ్ళే ట్రక్కు వచ్చింది.

ఇప్పుడు బండి పొడవు, బరువు చెబితే వాలు తక్కువ దారి ఫోనే చూపిస్తుంది... మొన్న మా చుట్టాలబ్బాయి ట్రెయిలర్ కొన్నాడు. ఏ దారిన వెళ్తున్నావురా అంటే, "ప్రసాద్ అంకుల్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెడతానన్నారు" అన్నాడు.

మా రోజుల్లో కనీసం ఇంటిదాకా వచ్చి చెప్పేవాడు... కొండ మీదికి పంపేముందు మా మొహాలైనా చూసేవాడు.

మీ ఇంట్లో స్టీరింగ్ ముట్టకుండా బండి నడిపిన పెద్దమనిషి ఎవరు? చెప్పండి... విందాం.