అష్టగ్రహ కూటమి నాటి నల్లబల్ల

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు కాలేజీలో ఏదో క్విజ్ పోటీ ఉందని, ఫోన్లో ఒక జాబితా పట్టుకొచ్చి నా మంచం పక్కన కూర్చుంది. పందొమ్మిదివందల అరవైరెండులో ప్రపంచంలో జరిగిన ముఖ్య విశేషాలట. ఆ పిల్లకి తెలుగు మాటలే గాని అక్షరాలు రావు. బెంగాలీలో చదువుకుని, తడుముకుంటూ తెలుగులో చెబుతూ, తప్పులుంటే దిద్దమంది. ఆ ఏడాది వార్తలన్నీ తాతే రాశాడని వాళ్ళ నాన్న ఎప్పుడో చెప్పాడట. రాసింది పత్రికలో కాదమ్మా, నల్లబల్ల మీద సుద్దముక్కతో, అని వివరించే ఓపిక లేక ఊ కొడుతూ విన్నాను. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోనే ఇందా పేటలో ఉంటున్నాం గాని, అప్పట్లో మా కుటుంబమంతా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేది. నాన్న వర్క్‌షాపులో కమ్మరి పని చేసేవారు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పదిహేడో ఏట వర్క్‌షాపులోనే ఖలాసీగా చేరాను. కానీ మా సందు చివర ఒక రేకుల షెడ్డులో తెలుగువాళ్ళు నడుపుకునే చిన్న గ్రంథాలయం ఉండేది. అందులోని రెండు బీరువాల పుస్తకాల్నీ, అట్టలు ఊడినవాటితో సహా, ఇరవై ఏళ్ళు నిండకుండానే చదివేశాను. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మద్రాసు మెయిల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పత్రికలోంచి ముఖ్యమైనవి ఏరి, షెడ్డు గోడకున్న నల్లబల్ల మీద రాయడం నా వంతు. సాయంత్రం కార్ఖానా కూత వేశాక, చదవడం వచ్చినవాళ్ళు ఆగి చదివేవారు, రానివాళ్ళు చదివించుకునేవారు. నాన్న చదివించుకునేవారి జట్టు.

మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడు ఫిబ్రవరి మొదట్లో మూడు రోజుల పాటు ఎనిమిది గ్రహాలు మకరరాశిలో కలుస్తున్నాయని, లోకం మునిగిపోతుందని దేశమంతా ఎంత గగ్గోలు పుట్టిందో. పూరీ గేట్ దగ్గర వీధి వీధినా హోమాలు. వర్క్‌షాపులో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళయితే, పోతే సొంతూళ్ళో అందరితో కలిసే పోదామని సెలవులకి అర్జీలు పెట్టారు. నేను గ్రంథాలయంలోని ఖగోళశాస్త్ర పుస్తకం తిరగేసి, నల్లబల్ల నిండా బొమ్మ గీశాను. యార్డు మీది వంతెన ఎక్కి చూస్తే వేర్వేరు పట్టాల మీదున్న ఎనిమిది ఇంజన్లు ఒకే వరసలో కనబడతాయి, అంతమాత్రాన అవి గుద్దుకుంటాయా అని కింద రాశాను. ఆ పోలిక అందరికీ నచ్చింది. నాన్నతో సమ్మెట కొట్టే ఒక పెద్దాయన మాత్రం, "గ్రహాలకి కూడా డ్యూటీ చార్టు రాసీసినాడ్రా మీవోడు. ఏటైనా లేటయితే ఈడికే మెమో" అని నవ్వించాడు.

అదే వారం మా నాయనమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ పూండి స్టేషనుకి రెండు మైళ్ళ దూరంలోని మా ఊళ్ళో మేనత్తతో ఉండేది. ఆ మూడు రోజులూ అందరూ ఒక్కచోట ఉందాం రమ్మని ఎవరిచేతో రాయించింది. ఉత్తరం చదివి వినిపించింది నేనే. మర్నాడే నాన్న రైల్వే పాసు రాయించుకుని, పెట్టెలోంచి చలి దుప్పటి తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోకం మునగదని ఊరందరికీ రాసి చెప్పినవాడి తండ్రే మూట కట్టుకుని రైలెక్కితే, రేపు ఆ బల్ల దగ్గర నన్నెవరు నమ్ముతారని, అమ్మ ముందే గట్టిగా అడిగాను. నాన్న దుప్పటి మడత మీద చెయ్యి పెట్టారు.

"గ్రహాల కోసం కాదురా. అమ్మ రమ్మన్నాది."

నేను వినలేదు. పుస్తకంలోని లెక్కలు మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. నాన్న దుప్పటి తిరిగి పెట్టెలో పెట్టేశారు. ఓడిపోయి ఆగిపోయారనుకున్నాను అప్పట్లో. నా మాట నిలబెట్టడానికి ఆగారని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ మూడు రోజులూ మామూలుగానే తెల్లారాయి. వెళ్ళినవాళ్ళు సిగ్గుపడుతూ తిరిగొచ్చారు. నన్ను వంతెన దగ్గర ఆపి టీ ఇప్పించారు. వేసవిలో ఊరు వెళదామనుకుంటే చెల్లికి టైఫాయిడ్ వచ్చి, నాన్న సెలవులు దానికే సరిపోయాయి. దీపావళికి తప్పకుండా వస్తానని నాన్న నాచేతే ఉత్తరం రాయించారు. పండక్కి వారం ముందు చైనాతో యుద్ధం మొదలై, సెలవులు నిలిచిపోయాయి. నవంబరులో, నేను బల్ల మీద సరిహద్దు వార్తలు రాస్తుండగానే టెలిగ్రాం వచ్చింది. నాయనమ్మ పోయింది. నాన్న వెళ్ళగలిగింది నెల మాసికానికే.

నేనూ వెంట వెళ్ళాను. నాన్న చెరువుకి స్నానానికి వెళ్ళినప్పుడు, మేనత్త నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఫిబ్రవరి మూడు రోజులూ నాయనమ్మ ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే ప్రతి పాసింజరుకీ స్టేషనుకి నడిచి వెళ్ళిందట. అక్కడే చలిలో కూర్చుందట. మూడో రోజు బండి కూడా వెళ్ళిపోయాక ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందట.

"మీ నాయన రాలేదేటని ఒక్క మాటనలేదురా. లోకం ఉన్నాది కదే, మరోపాలి ఒస్తాడ్లే అన్నాది" అంది అత్త.

ఆ డిసెంబరు ఆఖరున, ఏటా రాసే అలవాటు ప్రకారం, సంవత్సరంలోని ముఖ్య విశేషాలు బల్ల మీద వరసగా రాశాను. అష్టగ్రహ కూటమి, భూమి చుట్టూ తిరిగొచ్చిన అమెరికా మనిషి, సముద్రం మీదుగా టెలివిజన్ బొమ్మలు పంపిన ఉపగ్రహం, అల్జీరియా స్వాతంత్ర్యం, జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టుకి బంగారు పతకం, క్యూబా గొడవ, చైనా యుద్ధం. ఫుట్‌బాల్ గురించి మాత్రం పక్క సందు బెంగాలీ దాదాలు కూడా వచ్చి చదివించుకుని వెళ్ళారు. అందరూ వెళ్ళాక నాన్న వచ్చారు, మసి చేతులతోనే. మొదట్నుంచి చదవమన్నారు. చదివాను. చేతులు కట్టుకుని చివరిదాకా విన్నారు.

"అంతేనేటి?" అన్నారు.

అంతే నాన్నా, అన్నాను. తలూపి ఇంటివైపు నడిచారు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. బల్ల మీద అడుగున ఇంకా జానెడు చోటు ఉంది. నా చేతిలో సుద్దముక్క కూడా ఉంది.

ఇప్పుడా షెడ్డు లేదు. పుస్తకాలు ఎవరు పట్టుకెళ్ళారో తెలియదు. మద్రాసు మెయిల్ కోసం ఎదురుచూసే పని లేకుండా లోకంలోని వార్తలన్నీ మనవరాలి అరచేతిలోకి వచ్చేస్తున్నాయి, ఒకటి చదివేలోగా ఇంకోటి. ఒకప్పుడు వాటికోసం ఎంత ఆకలిగా ఉండేవాణ్ణో తలుచుకుంటేనే అలసటగా ఉంది. పిల్ల జాబితా చదవడం పూర్తి చేసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఠీక్ హై కదా తాతా? ఇంకేటీ మిగిలిపోలేదు కదా?"

అన్నీ ఉన్నాయమ్మా, అన్నాను, ఆనాడు నాన్నకి చెప్పినట్టే.