చల్ల చిలికిన మోటారు

మోటారు కాలిందని మా మామ నా పెండ్లాన్ని నాతోని తోలలేదు. చేవెళ్ల నుంచి మొయినాబాదు దాక ఏ అల్లునికీ గింత అన్యాయం జరగలేదు. తప్పు నాదేనని మీరు గూడ అంటరు, నాకెరుక. జర వినుండ్రి.

అవి ప్రపంచ లడాయి దినాలు, దేనికైనా సర్కారు కంట్రోలు. నాది చేవెళ్ల, మామది మొయినాబాదు. నూనె ఇంజనుతోని డైనమో తిప్పి ఇంట్ల కరెంటు బుగ్గలు వెలిగించుకునే ఆసామి. "చేతిల పనిలేనోనికి పిల్లను ఎట్ల తోలుదు?" అని ఆయన పట్టు. నేనేమో బడి మొఖం చూడకుండనే ఇంగ్లీషు అక్షరాలు పట్టినోన్ని. పనితనం చూపిస్తనని పట్నంల కుట్టుమిషను మోటారు ఒకటి కొన్న. "ఏ కరెంటుకైనా నడుస్తది" అన్నడు దుకాణపాయన. చూస్తె పిల్లికూన, ఉరికితె పులి!

మామ ఇంట్ల బావమరిది కొడుకు తొట్టెల పండుగ. ఊరంత బువ్వకొస్తున్నది. పెద్ద కాగు నిండ పెరుగు. కవ్వానికి తోలుపట్టా కట్టి మోటారు తగిలించిన.

"మోటారుకు కొట్టిన గా రేకు మీద ఏం రాసున్నదయ్యా?" అన్నడు మామ.

చదివిన. అరగంట నడిపి ఆపాలె, సల్లారినంక మల్ల నడపాలె అని ఉన్నది. నవ్వొచ్చింది.

"కంట్రోలు మామా! చక్కెరకు కంట్రోలు, గ్యాసునూనెకు కంట్రోలు, ఇగ మోటారుకు గూడ పెట్టిండ్రు. ఇంజను మనది, నూనె మనది, మనకేం కంట్రోలు?"

సర్కారు హుకుం ఎగ్గొట్టుడంటె మామకు పాయసం. "అయితె ఆపకు!" అన్నడు.

ఆపలేదు. వెన్న తేలింది. అమ్మలక్కలు మెచ్చుకున్నకొద్ది నా ఛాతి ఉబ్బింది, మోటారు పెనం లెక్క కాలింది.

"ఒళ్లు కాలుతున్నది గదయ్యా దానికి!" అన్నది అత్త.

"ఉషారు అత్తా, జొరం కాదు!"

ఆ మాట నోట్లెనే ఉన్నది, నిప్పురవ్వలు, పొగ! వైరు గుంజబోయి గాబరాల పట్టా గుంజిన. బరువు తప్పిన మోటారు పిచ్చిలేసినట్టు గిర్రున ఉరికి, పీట మీదికెళ్లి ఎగిరి, చుయ్యిమని చల్లల దుంకింది.

చల్లబువ్వ లేని విందు విందేనా? ఊరంత సగం కడుపుతోని లేచింది.

"కొందరికి నోట్ల శని ఉంటదంటరు. నా అల్లునికి మోటార్ల ఉన్నది! పిల్లను తోల, పో!" అన్నడు మామ.

మొయినాబాదు పోయే ప్రతి బండోనితోని మామకు కబురు పంపిన. ఎందుకు ఆపాలెనో రాయకపోవుడు రేకు తప్పు, ఆపకన్నది మామ తప్పు, నాదేం తప్పని. ఆఖరుకు కులదేవత సాక్షిగ ఒట్టేసిన: ఇనుముకు గూడ అలుపుంటదని నమ్ముత, జన్మల మల్ల మిషను జోలికి పోనని. అదీ చెప్పి పంపిన. అప్పుడొచ్చింది జవాబు, మామ దగ్గర నుంచి కాదు, గాజులామె నోట నా పెండ్లాం దగ్గర నుంచి:

"ఎప్పుడు జూసినా బాపుకే కబురు. నన్నొక్కపారన్న అడిగినరా? మూట గట్టుకొని ఎన్నడో కూసున్న. బాపు సంతకు పోయిన దినం బండి కట్టుకొని రాండ్రి."